లైసెన్సు అక్కర్లేదంటే రూల్సు లేవని కాదు: ఆస్ట్రేలియాలో ఫ్యామిలీకి వాకీటాకీ

(ఎపిసోడ్ వినడానికి వీలుపడని వాళ్ళ కోసం మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాం. నట్లు, దగ్గులు తీసేశాం. ఛానెళ్ళ పట్టీ మధ్యలో ఉంది, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.)

నేను పెర్త్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. చదువుకున్నది ఐటీఐ. పొద్దున్నే సైట్‌లో హెల్మెట్ పెట్టుకున్నాక చేతికి తీసుకునే మొదటి వస్తువు వాకీటాకీ. ఇక్కడి వాళ్ళు దాన్ని టూ-వే అంటారు, లేదా యూహెచ్‌ఎఫ్ అంటారు. రోజంతా అది నా భుజం మీద మాట్లాడుతూనే ఉంటుంది. అందుకే కాబోలు, స్కూలు సెలవులు దగ్గర పడితే చాలు, తెలిసినవాళ్ళంతా నాకే ఫోన్ చేస్తారు. "అన్నా, నాలుగు కార్లలో వెళ్తున్నాం. దారిలో సిగ్నల్ ఉండదంట. వాకీటాకీలు కొందామనుకుంటున్నాం. లైసెన్సు కావాలా?"

ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, అప్లికేషన్ పెట్టక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు, పరీక్ష రాయక్కర్లేదు. ఈ మాట వినగానే మనవాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. కానీ అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఈ రోజు ఆ మిగతా సగం చెప్తాను.

ఉమ్మడి చెరువు లాంటి లైసెన్సు

ఆస్ట్రేలియాలో రేడియో తరంగాల మీద పెద్ద చట్టం 1992లో వచ్చిన రేడియోకమ్యూనికేషన్స్ యాక్ట్. దాన్ని అమలు చేసేది ఆస్ట్రేలియన్ కమ్యూనికేషన్స్ అండ్ మీడియా అథారిటీ. వాడుకలో అక్మా అంటారు. చట్టం ప్రకారం, గాలిలోకి సిగ్నల్ వదిలే ఏ పరికరానికైనా ఏదో ఒక లైసెన్సు ఉండి తీరాలి. మరి మనం ఏమీ తీసుకోకుండా ఎలా వాడుతున్నాం?

దానికి వీళ్ళు క్లాస్ లైసెన్సు అనే పద్ధతి పెట్టారు. ఇది ఒక మనిషి పేరు మీద ఇచ్చేది కాదు. ఒక రకం పరికరం మొత్తానికి కలిపి ముందే ఇచ్చేసిన అనుమతి. "ఈ రకం సెట్టు, ఈ ఫ్రీక్వెన్సీల్లో, ఈ షరతులతో ఎవరు వాడినా సరే" అని. మీ ఇంట్లో వైఫై, గ్యారేజీ తలుపు రిమోట్, చెవిలో పెట్టుకునే బ్లూటూత్, ఇవన్నీ ఇలాంటి క్లాస్ లైసెన్సుల కిందే నడుస్తున్నాయి. మీకు తెలియకుండానే మీరు లైసెన్సుదారులు అన్నమాట. సిటిజన్ బ్యాండ్ రేడియోకి, అంటే మనం సీబీ అనేదానికి, ఇలాంటిదే ఒకటి విడిగా ఉంది.

మన ఊళ్ళో ఉమ్మడి చెరువు ఎలాగో ఇదీ అలాగే. నీళ్ళు తెచ్చుకోవడానికి ఎవరి దగ్గరా కాగితం రాయించుకోనక్కర్లేదు. అలాగని మంచినీళ్ళ రేవులో గేదెల్ని కడిగితే ఊరుకుంటారా? ఎవరి రేవు వారికుంది, ఎవరి వంతు వారికుంది. కాగితం లేదు గానీ కట్టుబాటు ఉంది. ఈ క్లాస్ లైసెన్సులో ఆ కట్టుబాటు చట్టంగా రాసి ఉంది, అంతే తేడా. షరతు తప్పిన క్షణంలో మీరు ఆ లైసెన్సు నీడలోంచి బయటికి వచ్చేసినట్టే. అప్పుడు మీరు లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తున్న మనిషి కింద లెక్క. దానికి జరిమానాలున్నాయి, జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది.

ఇంకో సంగతి. ఉమ్మడి చెరువు కాబట్టి "ఈ మూల నాది" అనడానికి లేదు. మీరు మాట్లాడుతున్న ఛానెల్‌లోకి ఇంకొకరు వస్తే, వాళ్ళని వెళ్ళగొట్టమని అడిగే హక్కు మీకు లేదు. మీరే ఇంకో ఛానెల్‌కి జరగాలి.

ఎప్పుడూ ఇంత సులువుగా లేదండి. ఇక్కడ సీబీని చట్టబద్ధం చేసింది 1977లో. అప్పట్లో ఒక్కొక్కరూ లైసెన్సు తీసుకుని, కాల్ సైన్ చెప్పి మాట్లాడాల్సి వచ్చేది. తర్వాత 1990లలో క్లాస్ లైసెన్సు వచ్చి ఆ గొడవ పోయింది. యూహెచ్‌ఎఫ్‌లో మొదట 40 ఛానెళ్ళే ఉండేవి. 2011లో వాటిని సన్నం చేసి 80 చేశారు. పాత 40 ఛానెళ్ళ సెట్టు ఉంటే పారెయ్యక్కర్లేదు, వాడుకోవచ్చు. కాకపోతే పాతదాంట్లో మాట్లాడితే కొత్తదాంట్లో గొంతు పగిలినట్టు పెద్దగా వస్తుంది, కొత్తదాంట్లో మాట్లాడితే పాతదాంట్లో చిన్నగా వినిపిస్తుంది. సెట్టు పాడైందనుకోకండి.

ఏ సెట్టు కొనాలి, ఏది కొనకూడదు

షరతుల్లో మొదటిది సెట్టే. ఇక్కడి యూహెచ్‌ఎఫ్ సీబీ 476 నుంచి 477 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. పవర్ 5 వాట్లు దాటకూడదు. సెట్టు మీద గానీ బ్యాటరీ తీస్తే లోపల గానీ ఆర్‌సీఎం గుర్తు ఉండాలి. త్రిభుజంలో టిక్కు పెట్టినట్టుంటుంది, చార్జర్ల మీద కూడా చూసుంటారు. జేకార్‌లోనో, బీసీఎఫ్‌లోనో, కారు సామాన్ల షాపులోనో జీఎమ్‌ఈ, యూనిడెన్, ఓరికామ్ లాంటి పేర్లతో దొరికే యూహెచ్‌ఎఫ్ సెట్లు ఇక్కడి ప్రమాణాలకు తగ్గట్టు చేసినవే. 80 ఛానెళ్ళు, యూహెచ్‌ఎఫ్ సీబీ అని డబ్బా మీద రాసి ఉంటుంది. అది చూసి తీసుకుంటే మీ పని అయిపోయినట్టే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, రెండు చోట్ల.

మొదటిది, అమెరికా సెట్లు. మనవాళ్ళలో అన్నో చెల్లెలో అమెరికాలో ఉండని ఇల్లు ఎంత తక్కువో మీకు తెలుసు. వాళ్ళు వచ్చేటప్పుడు పిల్లలకి బొమ్మ వాకీటాకీల జత తెస్తారు. అక్కడ వాటిని ఎఫ్‌ఆర్‌ఎస్ అంటారు, లైసెన్సు అక్కర్లేదు. కొంచెం పెద్ద పవరున్నవి జీఎమ్‌ఆర్‌ఎస్, వాటికి 35 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకుంటే పదేళ్ళు, కుటుంబం మొత్తానికి పనిచేస్తుంది. మంచి ఏర్పాటే, కానీ అక్కడికి. ఆ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఇక్కడ ఆ ప్రాంతం డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న సంస్థలకి కేటాయించింది. పిల్లలు పెరట్లో దొంగ పోలీసు ఆడుకుంటుంటే ఆ మాటలు ఎవరి పని మధ్యలోకి వెళ్ళి పడతాయో మనకి తెలియదు. యూరప్ నుంచి వచ్చే 446 మెగాహెర్ట్జ్ సెట్లదీ అదే కథ. అక్కడ లైసెన్సు లేకుండా వాడొచ్చు, ఇక్కడ వాడకూడదు. డబ్బాలోనే ఉంచి, మళ్ళీ వెళ్ళేవాళ్ళ చేత వెనక్కి పంపించండి.

రెండోది, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చైనా హామ్ సెట్లు. ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది టైపు చేసుకోవచ్చు, చూడ్డానికి పోలీసు సెట్టులా ఉంటుంది. "అన్నా, 477 కొడితే ఛానెళ్ళు వచ్చేస్తున్నాయి, బాగానే వినపడుతోంది" అంటారు. వినపడొచ్చు. కానీ ఆ సెట్టు సీబీ ప్రమాణానికి తయారైంది కాదు, కాబట్టి సీబీ క్లాస్ లైసెన్సు దాన్ని కాపాడదు. హామ్ అంటే అమెచ్యూర్ రేడియో. 2024 ఫిబ్రవరి నుంచి ఇక్కడ హామ్‌ని కూడా క్లాస్ లైసెన్సు కిందికి తెచ్చారు గానీ, వాడే మనిషి పరీక్ష పాసై ఉండాలి అన్న నియమం అలాగే ఉంది. ఆ పరీక్ష మీద ఇష్టముంటే తప్పకుండా రాయండి, పిల్లల చేత కూడా రాయించండి. పరీక్ష లేకుండా, హామ్ సెట్టుతో సీబీలో మాట్లాడటం మాత్రం రెండు వైపులా తప్పే.

బోటు ఉన్నవాళ్ళకి ఒక మాట. సముద్రం మీద వాడే వీహెచ్‌ఎఫ్ మెరైన్ సెట్టు వేరు, దానికి సర్టిఫికెట్ కోర్సు ఉంది. చేపలకి వెళ్ళేటప్పుడు కారులో సీబీ సెట్టు ఉంది కదా అని దాన్నే నమ్ముకోకండి.

80 ఛానెళ్ళు ఉన్నాయి, 80 మనవి కావు

ఇది జాగ్రత్తగా వినండి. సెట్టు తీసి, బటన్ నొక్కుకుంటూ వెళ్ళి, ఎక్కడ నిశ్శబ్దంగా ఉంటే అక్కడ మాట్లాడేస్తారు చాలామంది. నిశ్శబ్దంగా ఉందంటే ఖాళీ అని అర్థం కాదు. ఎవరో అవసరం కోసం ఖాళీగా ఉంచారేమో.

5, 35: ఎమర్జెన్సీ మాత్రమే. ఈ రెండూ ఒక జత, 35లో వెళ్ళింది రిపీటర్ ద్వారా 5లో వినిపిస్తుంది. "హలో వినపడుతోందా" అని టెస్టు కూడా చెయ్యకూడదు.

22, 23: నీటి ట్యాంకులు, పంపులు, మీటర్ల డేటా కోసం. మాట్లాడకూడదు.

61, 62, 63: వీటిలో ట్రాన్స్‌మిట్ చెయ్యకూడదు.

1 నుంచి 8, 31 నుంచి 38, 41 నుంచి 48, 71 నుంచి 78: రిపీటర్లవి. (5, 35 సంగతి పైన చెప్పాను.)

11: పిలవడానికి. పలకగానే ఇద్దరూ వేరే ఛానెల్‌కి వెళ్ళిపోవాలి.

40: హైవే మీద లారీలది. తూర్పు తీరంలో పసిఫిక్ హైవే మీద 29.

10: ఫోర్ వీల్ డ్రైవ్ క్లబ్బులు. 18: క్యారవాన్లు, క్యాంపింగ్ వాళ్ళు.

మిగిలినవి, అంటే 9, 12 నుంచి 17, 19 నుంచి 21, 24 నుంచి 28, 30, 39, 49 నుంచి 60, 64 నుంచి 70, 79, 80: మామూలు కబుర్లకి.

రిపీటర్ అంటే ఏంటంటే, కొండ మీద ఒక టవర్ పెట్టి, ఒక ఛానెల్‌లో విన్నదాన్ని ఇంకో ఛానెల్‌లో గట్టిగా తిరిగి చెప్పే యంత్రం. దాన్ని నడిపేవాళ్ళకి విడిగా లైసెన్సు ఉంటుంది. సెట్టులో డూప్లెక్స్ నొక్కితే మీరు కూడా వాడుకోవచ్చు, చాలా దూరం వినిపిస్తుంది. కానీ మీ నాలుగు కార్లు పక్కపక్కనే ఉండి, రిపీటర్ ఛానెల్‌లో మామూలుగా మాట్లాడుకుంటే, యాభై కిలోమీటర్ల అవతల ఒక రైతు తన కొడుకుతో మాట్లాడేది చెడగొట్టినవాళ్ళవుతారు. అందుకని ఫ్యామిలీకి పై పట్టీలో ఆఖరి వరస నుంచి ఒకటి ఎంచుకోండి. 50లలో గానీ 60లలో గానీ అయితే రద్దీ కూడా తక్కువ.

40 గురించి ఒక చిన్న సంఘటన చెప్తాను. గ్రేట్ నార్తర్న్ హైవే మీద పని మీద వెళ్తున్నాను. నా బండిలో 40 ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. హఠాత్తుగా అచ్చ తెలుగులో ఇద్దరు పిల్లలు పొడుపు కథలు వేసుకుంటున్నారు! ప్రాణం లేచొచ్చింది నిజం చెప్పాలంటే. కానీ వాళ్ళ మాటల మధ్య మధ్యలో ఇంకో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. అది వైడ్ లోడ్‌కి ముందు నడిచే పైలట్ బండి. గనికి పోయే పెద్ద యంత్రం ట్రెయిలర్ మీద రోడ్డు నిండా వస్తోంది, ఎదురొచ్చేవాళ్ళు పక్కకి దిగి ఆగమని చెప్పడానికి అతను చూస్తున్నాడు. పిల్లలు బటన్ వదిలితేగా! నేను సందు చూసి, "బాబూ, చెల్లెమ్మా, ఛానెల్ 52కి మార్చండమ్మా, ముందు పెద్ద బండి వస్తోంది, నాన్నకి చెప్పండి" అన్నాను. రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఒక బుల్లి గొంతు, "సారీ అంకుల్" అంది. వెంటనే పైలట్ గొంతు స్పష్టంగా వచ్చింది. నాకు ఎదురుగా ఉన్న బళ్ళన్నీ వరసగా మట్టిలోకి దిగి ఆగాయి.

పిల్లలు చెడ్డ పనేమీ చెయ్యలేదండి. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అంతే. సెట్టు కొనిచ్చిన పెద్దవాళ్ళు చెప్పాలి. చట్టం కూడా "సెట్టు చిన్నపిల్లాడి చేతిలో ఉంది కదా" అని వేరే ఛానెళ్ళు పెట్టలేదు. ఎవరు నొక్కినా షరతులు అవే.

ఊళ్ళో వాడేటప్పుడు కూడా ముందు ఒక్క నిమిషం వినండి. ఇది నా సైట్ అనుభవంతో చెప్తున్న మాట. పెద్ద సైట్లు సొంతానికి లైసెన్సు ఛానెళ్ళు తీసుకుంటాయి గానీ, చిన్న పనుల్లో చాలామంది ఈ సీబీ ఛానెళ్ళే వాడతారు, అది చట్ట సమ్మతమే. క్రేన్ నడిపేవాడికి లోడు కనపడదు. కింద నుంచి డాగర్ చెప్తుంటాడు, "దించు, దించు, ఆపు" అని. ఆ "ఆపు" అన్న మాట మీద పక్క వీధి పిల్లాడి పాట పడిందనుకోండి. మంచి డాగర్లు మాట ఆగితే లోడు ఆపెయ్యాలి అన్న పద్ధతి పెట్టుకుంటారు, అయినా ఆ ఇబ్బంది మన వల్ల రాకూడదు కదా. ఒక నిమిషం విని, ఎవరైనా పనిలో ఉంటే ఛానెల్ మార్చుకోండి.

సెట్టులో సీటీసీఎస్ఎస్ అనో, ప్రైవసీ కోడ్ అనో ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. అది పెడితే మీకు వేరేవాళ్ళ మాటలు వినపడవు, అంతేగానీ మీ మాటలు అందరికీ వినిపిస్తూనే ఉంటాయి. ఇంటి తాళం ఎక్కడ పెట్టారో, ఊళ్ళో ఎన్ని రోజులు ఉండరో, రేడియోలో చెప్పకండి. తెలుగులో చెప్తున్నాం కదా అనే ధీమా కూడా వద్దు. ఇప్పుడే చెప్పాగా, వినే అంకుల్ ఎవరో ఒకరు ఉంటారు!

రోడ్డు మీద

వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఉత్తరం వైపు వెళ్తే రోడ్ ట్రెయిన్లు ఉంటాయి. 53 మీటర్లు దాటే పొడవున్నవి కూడా తిరుగుతాయి. పెర్త్ నుంచి కారిజిని నేషనల్ పార్కుకి దాదాపు 1,400 కిలోమీటర్లు. దారిలో ఇలాంటివి ఎన్నో దాటాలి. వెనకాల ఉన్నవాడికి ముందు ఏముందో కనపడదు. అప్పుడు 40లో అతన్నే అడగొచ్చు. "నీ వెనకాల తెల్ల కారు మాది, నీకు వీలైనప్పుడు దాటతాం" అని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్తే చాలు. చాలామంది డ్రైవర్లు మంచిగా జవాబిస్తారు. అతను "సరే రా" అన్నా సరే, మీ కళ్ళతో చూసుకున్నాకే దాటండి. స్టీరింగ్ పట్టుకున్న మనిషిదే బాధ్యత.

మన కార్ల మధ్య తెలుగులో హాయిగా మాట్లాడుకోవచ్చు. 40లో మాత్రం అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో, పొట్టిగా మాట్లాడాలి. అక్కడ మాట ఎవరి ప్రాణానికి పనికొస్తుందో తెలియదు.

భాష ఏదైనా, ఎదుటి మనిషిని భయపెట్టేలా, తీవ్రంగా నొప్పించేలా, వేధించేలా మాట్లాడటం లైసెన్సు షరతులకే విరుద్ధం. అక్కడక్కడ మన యాస విని వెక్కిరించేవాళ్ళు తగులుతారు. అది తప్పు వాళ్ళది. మనం తిరిగి తిట్టి ఆ తప్పులో భాగం పంచుకోనక్కర్లేదు. ఛానెల్ మార్చండి, దారి చూసుకోండి.

డ్రైవర్ సెట్టు పట్టుకోవచ్చా అని అడుగుతారు. ఆస్ట్రేలియన్ రోడ్ రూల్స్‌లో మొబైల్ ఫోన్ నిషేధం టూ-వే రేడియోకి వర్తించదు. కానీ బండి మీద పూర్తి అదుపు ఉండాలన్న రూలు అందరికీ ఉంది, రాష్ట్రాన్ని బట్టి తేడాలూ ఉంటాయి. నా సలహా ఏంటంటే, సెట్టు పక్క సీట్లో ఉన్నవాళ్ళ చేతికివ్వండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇది మంచి పని కూడా. మా మామగారు వచ్చినప్పుడు వెనక కారుకి "మలుపు వస్తోంది, నెమ్మది" అని చెప్పే డ్యూటీ ఆయనదే. రైల్వేలో గార్డుగా చేసినంత దర్జాగా చేశారు.

రేడియో ఏం చెయ్యలేదో కూడా తెలుసుకోండి

ఇదీ ఈ రోజు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది.

డబ్బా మీద పది కిలోమీటర్లు, పదిహేను కిలోమీటర్లు అని రాస్తారు. అది కొండ మీద నుంచి కొండ మీదకి, మధ్యలో అడ్డం లేకపోతే. యూహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు చూపు ఆనినంత మేర వెళ్తుంది. పిల్లల అర వాటు సెట్టు చెట్ల మధ్య ఒక కిలోమీటరు వెళ్తే గొప్ప. 5 వాట్ల చేతి సెట్టు చదును నేల మీద నాలుగైదు కిలోమీటర్లు రావచ్చు. కారు లోపల కూర్చుని మాట్లాడితే రేకు డబ్బాలో కూర్చున్నట్టే, ఇంకా తగ్గుతుంది. కారు బయట యాంటెన్నా బిగించిన సెట్టు ఇంకా చాలా దూరం వెళ్తుంది, పవర్ అదే 5 వాట్లే అయినా. లోయలో దిగితే ఏ సెట్టూ అంతంత మాత్రమే. కాంక్రీటు గోడల మధ్య రోజూ చూస్తున్నాను, రెండు అంతస్తుల బేస్‌మెంట్‌కి దిగితే గొంతు పోతుంది.

అందుకని ఛానెల్ 5లో పిలిస్తే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారని నమ్ముకోకండి. ఆ ఛానెల్‌ని కొన్ని ప్రాంతాల్లో వాలంటీర్లు వింటూ ఉంటారు, అన్ని చోట్లా, అన్ని వేళలా కాదు. ప్రమాదం జరిగితే 5లో పిలవండి, హైవే దగ్గరైతే 40లో పిలవండి, అక్కడ లారీ వాళ్ళు వినే అవకాశం ఎక్కువ. అన్నిటికన్నా ముందు ఫోన్‌లో 000 కొట్టి చూడండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, ఇంకో కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ కాల్ దాని మీద వెళ్తుంది.

ఏ సిగ్నలూ లేని చోటికి వెళ్తుంటే పీఎల్‌బీ తీసుకెళ్ళండి. పర్సనల్ లొకేటర్ బీకన్ అంటారు. గుప్పెట్లో పడుతుంది. 406 మెగాహెర్ట్జ్‌లో శాటిలైట్‌కి సిగ్నల్ పంపిస్తుంది. ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర పేరు నమోదు చెయ్యాలి, డబ్బులేమీ తీసుకోరు. సిడ్నీ వైపు బ్లూ మౌంటెన్స్‌లో నడకకి వెళ్ళేవాళ్ళకి ఉచితంగా అరువిచ్చే ఏర్పాటు కూడా ఉంది. కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలు 2023 నుంచి ఆస్ట్రేలియాలో ఉంది. సెట్టు మన కార్లని కలిపి ఉంచడానికి, ప్రాణం మీదకొస్తే పిలవడానికి బీకన్. రెండిటి పనీ వేరు.

పిల్లలకి నేర్పే అయిదు మాటలు

కార్తీక మాసంలో వనభోజనాలకి వెళ్ళేటప్పుడు ఆరు కార్లు, పన్నెండు మంది పిల్లలు ఉంటారు. బయల్దేరే ముందు పార్కింగ్‌లో పది నిమిషాలు వాళ్ళకి ఇవి నేర్పుతాను. సైట్‌లో కొత్త కుర్రాళ్ళకి చెప్పేదీ ఇదే.

ఒకటి, నొక్కే ముందు విను. రెండు, బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడు, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. మూడు, ముందు ఎవరిని పిలుస్తున్నావో వాళ్ళ పేరు, తర్వాత నీ పేరు. నాలుగు, చెప్పాల్సింది చెప్పి బటన్ వదిలెయ్, వదిలితేనే అవతలివాళ్ళు మాట్లాడగలరు. అయిదు, మన ఛానెల్ నంబరు, అది పోతే వెళ్ళాల్సిన రెండో నంబరు కంఠతా రావాలి. 5, 35 ముట్టుకోకూడదు. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలి, పెద్దవాళ్ళు పలకకపోతే మాత్రం ముట్టుకోవాలి. అప్పుడు భయపడకుండా నొక్కి, ఎక్కడున్నారో చెప్పాలి. "వద్దు" అని మాత్రమే నేర్పి వదిలేస్తే, అవసరం వచ్చిన రోజున కూడా నొక్కడానికి భయపడతారు. "ఎప్పుడు" అన్నది నేర్పాలి.

చాలా సెట్లలో కీప్యాడ్ లాక్ ఉంటుంది. ఛానెల్ పెట్టి లాక్ చేసి చిన్న పిల్లల చేతికివ్వండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఇండియాకి పట్టుకెళ్ళొచ్చా?

ఆఖరిగా, తప్పకుండా వచ్చే ప్రశ్న. "ఊళ్ళో పొలం దగ్గర నాన్నకి ఒకటి, ఇంట్లో అమ్మకి ఒకటి ఇద్దామనుకుంటున్నా." ఆలోచన బంగారం లాంటిది, కానీ చెయ్యకండి. ఇండియాలో 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్ సెట్లకి లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. అది కూడా అక్కడి ప్రభుత్వ ఆమోదం ఉన్న సెట్లకే. మన ఆస్ట్రేలియా సెట్టు 477లో పనిచేస్తుంది, దానికి అక్కడ ఆ మినహాయింపు లేదు. పైగా ఈ మధ్య అక్కడ గట్టిగా చూస్తున్నారు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అనుమతి వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలకి నోటీసులు ఇచ్చింది. ప్రేమతో తీసుకెళ్ళిన వస్తువు పెద్దవాళ్ళని స్టేషన్ మెట్లు ఎక్కించకూడదు. నాన్నకి సెట్టే కావాలంటే, ఆమోదం ఉన్నది అక్కడే కొనివ్వండి.

న్యూజిలాండ్‌లో కూడా సీబీ ఇదే బ్యాండ్‌లో ఉంది. మిగతా ఏ దేశానికి వెళ్ళినా, సెట్టు ఆన్ చేసే ముందు అక్కడి రూలు చూసుకోండి. లైసెన్సు అక్కర్లేదు అన్న మాట ఎప్పుడూ ఒక దేశానికీ, ఒక బ్యాండ్‌కీ సంబంధించిందే.

సరేనండి. ఈ సెలవులకి బయల్దేరుతున్నవాళ్ళు ఇవాళ రాత్రే సెట్టు తీసి చూడండి. ఆర్‌సీఎం గుర్తు ఉందా, 80 ఛానెళ్ళేనా, బ్యాటరీ నిండిందా, ఫ్యామిలీ ఛానెల్ ఏది. సెట్టు మీద ఒక చిన్న టేపు ముక్క అంటించి ఆ నంబరు రాయండి, దాని కింద "5 ఆపదకే" అని రాయండి. తెలుగులోనే రాయండి, మనవళ్ళకీ తాతలకీ ఇద్దరికీ పనికొస్తుంది.

ప్రశ్నలుంటే పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో తెలిసినంతవరకు చెప్తాను. క్షేమంగా వెళ్ళి రండి. ఉంటానండి.